చార్మినార్‌కి 400 ఏళ్లు దాటాయి.. మన స్లాబ్‌కి పాతికేళ్లకే పెచ్చులా?

ఇల్లు కట్టే ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఈ ఎపిసోడ్ పూర్తిగా చూడండి. హోమ్ లోన్ తీరడానికి మామూలుగా 20 ఏళ్లు పడుతుంది. లోన్ తీరిన కొన్నాళ్లకే స్లాబ్ కింద పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడితే? సముద్రానికి దగ్గరున్న మా బాబాయి వాళ్ల ఇంట్లో జరిగింది అదే. కారణం తెలియాలంటే కొంచెం హిస్టరీలోకి వెళ్లాలి.

చార్మినార్‌ని 1591లో కట్టారు. రాయి, సున్నం. అప్పటికి ఇప్పటి సిమెంట్ పుట్టనే లేదు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి, ఇసుక కలిపి, ఎద్దులతో గానుగ తిప్పించి మెత్తగా రుబ్బేవాళ్లు. అదే గానుగ సున్నం. అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

అలాగని పాతదంతా గొప్పదని కాదు. అప్పట్లో కట్టినవాటిలో కూలిపోయినవి మనకి కనిపించవు కదా, నిలబడ్డవే కనిపిస్తాయి. చార్మినార్‌కి కూడా మరమ్మతులు చేస్తూనే ఉన్నారు. పైగా సున్నం గట్టిపడటం చాలా లేటు. గోడలు మందంగా కట్టాలి. సిటీలో చిన్న ప్లాట్‌లో మూడంతస్తులు కావాలంటే కష్టం.

అందుకే సిమెంట్ గెలిచింది. 1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీమేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1867లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మోనియె ఇనుప తీగలు పెట్టిన కాంక్రీట్ తొట్లకి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన ఇంజనీర్ కాదు, తోటమాలి! మన స్లాబ్ వెనక ఒక పూలకుండీ ఐడియా ఉందన్నమాట.

లాజిక్ సింపుల్. కాంక్రీట్ నొక్కితే తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. ఇనుము లాగినా తట్టుకుంటుంది. పైగా ఎండకి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి. కొత్త కాంక్రీట్‌లో క్షారం ఎక్కువ కాబట్టి లోపలి చువ్వకి తుప్పు పట్టదు.

ఇప్పుడు ట్విస్ట్. సున్నాన్ని రాయిగా మార్చిన ఆ కార్బన్ డయాక్సైడే కాంక్రీట్‌లోకి దూరి క్షారాన్ని తగ్గించేస్తుంది. అది చువ్వదాకా చేరితే రక్షణ పోయినట్టే. సముద్రపు గాలిలో ఉప్పు కూడా చువ్వని తినేస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల్నుంచి నెడుతుంది. పెచ్చు ఊడేది అందుకే! పైపైన సిమెంట్ పూసి, రంగు వేస్తే లోపల తుప్పు ఆగదు.

కాబట్టి ఇంటి ఆయుష్షు చాలావరకు చువ్వమీద ఉండే ఆ కాస్త కాంక్రీట్ చేతిలో ఉంటుంది. దాన్నే కవర్ అంటారు. మన ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలు చోట కనీసం 20 మిల్లీమీటర్లు, సముద్రతీరంలో 45. మరి సైట్‌లో? చువ్వ కింద చిన్న కంకర రాయి పెట్టి కానిచ్చేస్తారు. కవర్ బ్లాకులు అడగండి. పని తేలికవుతుందని కాంక్రీట్‌లో నీళ్లు ఎక్కువ పోయనివ్వకండి. ఆ నీళ్లు ఆరాక మిగిలే సన్నటి రంధ్రాలే గాలికీ ఉప్పుకీ దారి. తర్వాత నీళ్లు కట్టి తడపడం కనీసం పది రోజులు ఆపొద్దు. వీటికయ్యే ఖర్చు టైల్స్ ముందు ఎంత చెప్పండి?

గట్టిదనం ఓకే, మరి సుఖం? మే నెలలో రాత్రి పదింటికి కూడా స్లాబ్ కింద పొయ్యిలా ఉంటుంది. మన గోదావరి మండువా లోగిళ్లలో మధ్యలో ఆకాశం, చుట్టూ పెంకుల చూరు, గాలి తిరిగేది. ఇప్పుడు మండువాకి స్థలం ఎక్కడిది అంటారా? దానికి కేరళలో లారీ బేకర్ జవాబు వెతికాడు. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్, ఇక్కడే స్థిరపడ్డాడు. ఇల్లు కట్టే సామాను ఐదు మైళ్లలోపే దొరకాలన్న గాంధీగారి మాటని జీవితాంతం పట్టుకున్నాడు. ఇటుకని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిని బాగా వాడాడు. ఇటుకలు దాదాపు పావు వంతు ఆదా, లోపలి గాలి వల్ల వేడీ తక్కువ. స్లాబ్‌లో పనిలేని చోట కాంక్రీట్ బదులు పెంకులు పెట్టాడు. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్ ఆయన పనే. వీలైతే వెళ్లి చూడండి.

సున్నం రోజులకి వెనక్కి వెళ్లమని నేను చెప్పట్లేదు. సిమెంట్ మంచిదే, కానీ దానికి కావాల్సిన టైమ్ మనం ఇవ్వట్లేదు. గృహప్రవేశం ముహూర్తం కోసం స్లాబ్‌ని తొందరపెడితే, ఆ బాకీ మన పిల్లలు తీరుస్తారు. ఎలివేషన్ ఫొటో మేస్త్రీకి చూపించే ముందు "కవర్ ఎంత పెడుతున్నారు?" అని ఒక్కసారి అడగండి.

మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా వచ్చే నెల స్లాబ్ వేస్తుంటే, ఈ వీడియో ఇవాళే పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.