చుక్కల ప్రింటరూ, మన తెలుగు అక్షరమూ

"స్త్రీ" అని ఒకసారి కాగితం మీద రాసి చూడండి. స మీద గుడిదీర్ఘం, కింద త వొత్తు, దానితోపాటు క్రావడి. ఒక్క అక్షరానికి మూడు అంతస్తులు! ఇళ్లల్లోకి వచ్చిన తొలి కంప్యూటర్ ప్రింటర్లకు కొరుకుడు పడనిది ఇదే.

1980లో జపాన్ కంపెనీ ఎప్సన్, ఎంఎక్స్-80 అనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తెచ్చింది. విదేశాల్లో ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ ప్రింటర్ చేరడంలో దానిది పెద్ద పాత్ర. అది పనిచేసే తీరు మనకు తెలిసిందే, చుక్కల ముగ్గు. ప్రింటర్ తలలో నిలువుగా 9 సూదులుంటాయి. తల అటూ ఇటూ కదులుతుంటే కావలసిన సూదులు మాత్రం సిరా రిబ్బన్ మీద పొడుస్తాయి. ఆ చుక్కలు కలిస్తే అక్షరం.

ఇంగ్లీషుకు 9 చుక్కల ఎత్తు సరిపోయింది. పైగా ఆ అక్షరాల ముగ్గులన్నీ ప్రింటర్ లోపలే దాచి ఉండేవి. తెలుగుకు ఆ ఏర్పాటు లేదు. గుడికి పైన, వొత్తుకు కింద చోటు కావాలి. కాబట్టి కంప్యూటరే అక్షరాన్ని బొమ్మగా మార్చి చుక్క చుక్కా పంపాలి. ఒక్క వరుస పూర్తి కావడానికి ప్రింటర్ తల ఒకటికి రెండుసార్లు తిరగాలి. మన లిపులను తెర మీదికీ కాగితం మీదికీ తేవడానికి 1980లలో కాన్పూర్ ఐఐటీలో జరిగిన కృషే, తర్వాత పుణెలోని సీడాక్ ద్వారా జిస్ట్ కార్డుగా వచ్చింది. 24 సూదుల ప్రింటర్లు వచ్చాక వొత్తులు ఇంకాస్త స్పష్టంగా పడ్డాయి.

మా అనంతపురం వైపు చాలా ఇళ్లకు ప్రింటర్ కంటే ముందు దాని కాగితమే వచ్చింది. బ్యాంకు పాస్‌బుక్కులో వేరుశనగ పంట అప్పు ఎంత కట్టారో, ఎంత మిగిలిందో ఆ చుక్కల ఇంగ్లీషులోనే ఉండేది. తెలుగు చక్కగా చదవగల అమ్మలు, అత్తలు కూడా బడికెళ్లే పిల్లల చేత చదివించుకోవాల్సి వచ్చేది. చదువు రాక కాదు, వచ్చిన భాషలో అచ్చు కాక. ఇంటి అప్పు లెక్క ఇల్లాలు చదవలేకపోవడం చిన్న విషయమా?

1988లో హెచ్‌పీ డెస్క్‌జెట్ వచ్చింది, ధర 995 డాలర్లు. సూదిపోటు పోయి సిరా చిమ్మడం మొదలైంది. చుక్కలు కంటికి కనబడనంత చిన్నవయ్యాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లోనే అమరి వచ్చాయి. పాత చుక్కల ప్రింటర్ మాత్రం పూర్తిగా పోలేదు. సూది గట్టిగా పొడుస్తుంది కాబట్టి కార్బన్ నకలు ఒకేసారి వస్తుంది, అందుకే బిల్లులు కొట్టే చోట ఇంకా కరకరమంటూనే ఉంది.

ఇప్పుడు "స్త్రీ" ఏ ప్రింటర్‌లోనైనా నిండుగా పడుతుంది. అయినా ఇంటికొచ్చే కాగితాలు ఎన్నో ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. తెలుగులో ఇమ్మని అడుగుదాం. ప్రింటర్‌కు రాదనే సాకు ఎప్పుడో చెల్లిపోయింది.