గోడ మీద బొమ్మా? పెట్టెలో బొమ్మా?

మా హాల్లో టీవీ పాడైంది. పాడైందంటే పూర్తిగా పోలేదు లెండి. తెరకి కుడిపక్కన జానెడు మేర పచ్చటి చార ఒకటి వచ్చి కూర్చుంది. వార్తలు ఎవరు చదివినా సగం మొహం పచ్చగానే ఉంటోంది. మా అమ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషను అయింది. రెండు రోజులు ఓపిగ్గా చూసి, మూడోరోజున, "ఏమే, పాపం ఈ అమ్మాయికి పచ్చకామెర్లు గామోసు, ఆకుపసరు ఎవరూ పొయ్యలేదా?" అంది. ఇక కొత్తది కొనక తప్పదని ఆ పూటే తేలిపోయింది.

మా వారు ముప్పైవేలకి మించి పైసా కదల్చనన్నారు. ఇంతవరకూ గొడవ లేదు. మా అబ్బాయి మెలిక పెట్టాడు. "టీవీ ఎందుకమ్మా, పాతకాలంలా! అంతకంటే తక్కువకే ప్రొజెక్టరు వస్తోంది. గోడ నిండా బొమ్మ. నూరంగుళాలు! ఇంట్లోనే సినిమాహాలు" అన్నాడు. ఆ డబ్బుకి టీవీ అయితే నలభైమూడు అంగుళాలే. లెక్కవేస్తే గోడమీద బొమ్మ వైశాల్యం అయిదురెట్ల పైమాటే. బేరం అంటే చెవికోసుకునే ఇల్లాలికి అయిదురెట్లు అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు చెప్పాలా?

కానీ ఆ ముప్పైవేలు అన్న అంకె దగ్గర నా మనసు ఎక్కడికో పోయింది. మన బందరులో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు, ఫోటోగ్రాఫరుగా మద్రాసులో స్థిరపడి, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. దాని ఖరీదు కూడా ముప్పైవేలేనని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు! ఆనాటి ముప్పైవేలు! ఆయన ఉన్న ఆస్తి కుదువ పెట్టారుట. బొమ్మ చూపించే ప్రొజెక్టరుకి గ్రామఫోను జతచేసిన యంత్రం అది. నాలుగు నిమిషాల బొమ్మకి నాలుగు నిమిషాల పాట. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో చూపించారు. తర్వాత ఆ యంత్రాన్ని వేసుకుని ఊళ్లు తిరిగారు. బెజవాడ వచ్చారు, రాజమండ్రి వెళ్లారు, బర్మా, సింహళం కూడా వెళ్లారు. మన బెజవాడలో మారుతీ సినిమాహాలు వెలిసింది 1921లో. అంటే ఊళ్లో హాలు పుట్టక ముందే బొమ్మ ఊరికొచ్చి వెళ్లిందన్నమాట. ప్రొజెక్టరు జాతకంలోనే సంచారం ఉంది. అది ఇంట్లో కాపురం చేసే యంత్రం కాదేమోనని నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

సంచారం అంటే నేను కళ్లారా చూసింది టూరింగు టాకీసు. గుడివాడ దగ్గర పల్లెటూరు మాది. సంక్రాంతి వెళ్లి, నూర్పుళ్లయి, రైతు చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో, ఎండిన చేలో డేరా లేచేది. బెజవాడ గాంధీనగరంలో పంపిణీదారుల ఆఫీసులుండేవి. అక్కణ్ణించి రేకు డబ్బాల్లో రీళ్లు బస్సుమీద వచ్చేవి. ఊళ్లో కరెంటు అంతంతమాత్రం కాబట్టి డేరా వెనకాల ఆయిలింజను. లోపల నేల, బెంచీ, కుర్చీ. ఆడవాళ్లకీ మగవాళ్లకీ నడుమ నడుమెత్తు తడిక. ఘంటసాలగారి వెంకటేశ్వరస్వామి పాట రికార్డు మైకులో వినిపించిందంటే ఇక ఆట మొదలవబోతోందని గుర్తు. ఆ పాట వినపడగానే ఊళ్లో ఎన్ని వంటిళ్లలో ఎన్ని గిన్నెలు మోగేవో!

ఎందుకంటారా? డేరాకి గోడలుండవు. పొద్దు పూర్తిగా గూకితే తప్ప తెర మీద బొమ్మ కనపడదు. మరి పొద్దుగూకే వేళ ఎవరికి పనివేళ? మగవాళ్లు చేలోంచి వచ్చేస్తారు, పశువులు దొడ్లోకి వచ్చేస్తాయి. ఆడవాళ్లకి మాత్రం అప్పుడే పొయ్యి రాజేసే వేళ. అత్తమామలకి పెట్టాలి, పాలు తోడెయ్యాలి, అంట్లు తోమాలి, పిల్లల్ని నిద్రపుచ్చాలి. సినిమాకి వెళ్లాలంటే ఇవన్నీ ఆ పాట అయ్యేలోగా అవ్వాలి. మా అమ్మ ఎన్ని సినిమాలు చూసిందో గానీ, మొదటి రీలు చూసిన సినిమా ఒక్కటీ లేదని మా మేనత్త ఎగతాళి చేస్తూ ఉండేది.

మొదటి రీలు పోతే పోయింది. చివరి రీలు పోయిన సంగతి చెప్పాలి మీకు.

'లవకుశ' 1963లో విడుదలైంది. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రాల్లో అదే మొదటిది. పట్నాల్లో హాళ్లకి జనం బండ్లు కట్టుకుని వెళ్లిన సినిమా అది. మా ఊరి డేరాకి రావడానికి మరో రెండేళ్లు పట్టింది. మా తాతయ్య పురాణమైతేనే ఆడవాళ్లని పంపేవాడు కాబట్టి దీనికి అభ్యంతరం లేదు. మా అమ్మ ఆరోజు మధ్యాహ్నమే వంట ముగించింది. ఏడాది నిండిన మా తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను చేత్తో పట్టుకుని బయల్దేరింది. డేరాలో ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ వెలుతుర్లో పిల్లలకి పాలిచ్చేవాళ్లు, తప్పిపోయిన చెప్పు వెతుక్కునేవాళ్లు. ప్రొజెక్టరులో బల్బు లేదు. రెండు కార్బను పుల్లల మధ్య మెరుపులాంటి మంట. పుల్లలు అరిగిపోతూ ఉంటే ఆపరేటరు వాటిని దగ్గరకి జరుపుతూ ఉండాలి. ఏమరపాటున వదిలేశాడో, సీతమ్మవారి మొహం మసకేసి, నేలక్లాసులోంచి ఈలలు.

ఆఖరి రీల్లో తమ్ముడు గుక్కపట్టాడు. చుట్టుపక్కల ఆడవాళ్లే, "ఏమ్మా, పిల్లాణ్ణి బయటికి తీసుకుపో" అన్నారు. అమ్మ లేచి వెళ్లిపోయింది. డేరాగుడ్డ అవతల, ఇంజను పక్కన నిలబడి, పిల్లాణ్ణి భుజాన జోకొడుతూ, సీత భూమిలో కలిసిపోవడం చెవులతో విన్నది. నేను లోపల కూర్చుని కళ్లతో చూశాను. తిరిగొస్తూ దారిపొడుగునా, "ఎలా వెళ్లిందే? భూమి ఎలా విచ్చుకుందే? రాముడు ఏం చేశాడే?" అని నన్ను అడుగుతూనే ఉంది. తొమ్మిదేళ్లదాన్ని, నాకేం చెప్పడం వచ్చు! "ఏడ్చాడమ్మా" అన్నాను.

ఇంట్లో ప్రొజెక్టరు అన్నది మా అబ్బాయి కనిపెట్టిన వింతేం కాదు. మా తమ్ముడికి ఎనిమిదేళ్లప్పుడే ఉండేది, కాణీ ఖర్చు లేకుండా. మాడిపోయిన బల్బు వెనక ఇత్తడి మూతి విరగ్గొట్టి, లోపలి తీగలు లాగేసి, నీళ్లు నింపితే అదే భూతద్దం. టాకీసు దగ్గర ఏరుకొచ్చిన ఫిలిం ముక్క దాని ముందు తలకిందులుగా పెట్టాలి. గది తలుపులన్నీ మూసి, ఒక్క సందులోంచి బయట అద్దంతో ఎండని లోపలికి కొట్టాలి. గోడమీద నాగేశ్వరరావు ప్రత్యక్షం! కదలడు, మాట్లాడడు, అయినా మాకు అదే అద్భుతం. ఒక్కటే చిక్కు. పట్టపగలు గది చీకటి చెయ్యాలి. ఆ వేళకి ఆ గదిలోనే మా నానమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ ఉండేది. "పగటిపూట తలుపులేమిట్రా మీ మొహాలు మండా! ఈ చీకట్లో నాకు బియ్యమేదో, బెడ్డేదో!" అని తిట్టి తలుపు తీసేది. తలుపు తియ్యగానే నాగేశ్వరరావు మాయం.

ఈ తగాదా తీర్చింది టీవీ. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైందని పేపర్లో చదివాం గానీ, కోస్తా జిల్లాల వాళ్లకి అది అందని ద్రాక్షే. 1982లో ఏషియన్ క్రీడల ఏడాది రంగులొచ్చాయి. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. ఆ మరుసటేడు దేశమంతా ఊరూరా చిన్న చిన్న ప్రసార స్తంభాలు లేచాయి. మేం బెజవాడ సత్యనారాయణపురంలో కాపురం పెట్టాక, 1987లో, మా వారి మూడునెలల జీతంతో ఒక నలుపు-తెలుపు పెట్టె కొన్నాం. కర్ర పెట్టె, ముందు జరిపే తలుపులు, తలుపులకి తాళం కూడానూ! డాబామీద యాంటెన్నా. దాన్ని తిప్పడానికి ఒకరు పైన, "వచ్చింది... పోయింది... ఇంకొంచెం" అని అరవడానికి ఒకరు కింద.

ఆ జనవరి 25న రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి! గమనించారా, పొద్దున్న! హిందీ ఒక్క ముక్క రాని మా వీధి ఆడవాళ్లంతా మా హాల్లోకి వచ్చేవారు. కథ తెలిసినవాళ్లకి భాషతో పనేమిటి? ఒకరు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఒకరు పూలు కడుతూ, ఒకరు చంటిదాన్ని కాళ్లమీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ. కుక్కరు కూతేస్తే లేచి వెళ్లొచ్చేవాళ్లు. ఎవరూ ఎవర్నీ బయటికి పొమ్మనలేదు. కిటికీలు తీసే ఉన్నాయి, ఎండ హాల్లోకి వస్తూనే ఉంది, పెట్టెలో బొమ్మ పెట్టెలో ఉంది.

మా అమ్మ ఆ రోజుల్లో శనివారం సాయంత్రమే గుడివాడ బస్సెక్కి వచ్చేసేది. ఆ తర్వాత వచ్చిన ఉత్తర రామాయణం కూడా చూసింది. అయినా ఆవిడకి తృప్తి లేదు. "ఇది బాగానే ఉంది గానీ, అంజలీదేవిది చూడాలే" అనేది. అది కూడా తీరింది, తెలుగు ప్రైవేటు చానళ్లు వచ్చాక, 1990ల చివర్లో ఒక మధ్యాహ్నం. నేను లోపల వడియాలు ఎత్తుతున్నాను. హాల్లోంచి అలికిడి లేదు. వచ్చి చూస్తే అమ్మ గోంగూర కట్ట ఒళ్లో పెట్టుకుని, వలవడం మానేసి, కళ్లు తుడుచుకుంటోంది. తెర మీద సినిమా అయిపోయి ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. "చూశానే" అంది. అంతే. మళ్లీ గోంగూర వలవడం మొదలుపెట్టింది.

ఈ సంగతులన్నీ మా అబ్బాయికి చెబితే, "అదంతా సెంటిమెంటమ్మా, ఒకసారి చూసి చెప్పు" అని స్నేహితుడి దగ్గర్నుంచి ప్రొజెక్టరు ఎరువు తెచ్చాడు. కొబ్బరికాయంత ఉంది. పెట్టెమీద వేలకివేల ల్యూమెన్లని రాసుంది. ల్యూమెన్లంటే వెలుతురు కొలత. ఆ వేలు నమ్మకూడదని, యాన్సీ ల్యూమెన్లని వేరే పద్ధతి కొలత ఉంటుందని, చవకరకం యంత్రాల్లో అది చాలావాటికి రెండొందలకి అటూ ఇటూనే ఉంటుందని వాడే ఒప్పుకున్నాడు. '4కె సపోర్టు' అని రాసినా అంత వివరమైన బొమ్మని లోపలికి తీసుకుంటుందనే గానీ, గోడమీద అంత వివరం చూపిస్తుందని కాదుట. ఇరవైమంది విస్తరిలో అరసోల పప్పు వడ్డించినట్టు, ఆ కాస్త వెలుతురునీ నూరంగుళాల గోడకి పరిస్తే పలచబడక ఏమవుతుంది? టీవీ బొమ్మ కాంతిలో పదోవంతు కూడా రాదని లెక్క తేలింది. పైగా గోడమీద నలుపు అంటూ వేరే రంగు లేదు. వెలుతురు పడని చోటే నలుపు. పగటిపూట కిటికీ వెలుతురే ప్రొజెక్టరు వెలుతురుని మించిపోతే ఇక నలుపెక్కడిది?

మధ్యాహ్నం మూడింటికి పెట్టి చూశాం. అమ్మ కళ్లు చికిలించి, "గోడకి చెమ్మెక్కిందేమే?" అంది. మా అబ్బాయి పరుగున వెళ్లి కర్టెన్లన్నీ వేశాడు. బొమ్మ కాస్త తేలింది. అమ్మ కాసేపటికి బాత్‌రూముకని లేచింది. ఆ చీకట్లో చేతికర్ర స్టూలుకి తగిలి పక్కకి జారింది. మా వారు ఒక్క అంగలో వెళ్లి, "అత్తయ్యగారూ, ఆగండాగండి" అని రెక్క పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఎనభై ఎనిమిదేళ్ల ఎముక విరిగితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. మా అబ్బాయే కర్టెన్లు తీసేశాడు.

అయితే నిజం చెప్పాలిగా. ఆ రాత్రి భోజనాలయ్యాక, తిరిగి ఇచ్చే ముందు, దారిలో చిన్నదీపం ఉంచి మళ్లీ పెట్టాడు. మాయాబజార్ వేశాడు. గోడ నిండా సావిత్రి! పగలు చెమ్మమరకలా ఉన్నది రాత్రి నిండుగా వెలిగింది. నాకే ఆశపుట్టింది. అమ్మ మాత్రం గోడ వంక చూడ్డం లేదు. మెడ వెనక్కి తిప్పి, ప్రొజెక్టరులోంచి వచ్చే వెలుతురు పట్టెని, అందులో తేలుతున్న దుమ్ముని చూస్తోంది. "డేరాలో కూడా ఇలాగే తేలేదే. నీ తమ్ముడు దాన్ని పట్టుకుందామని చేతులు చాచేవాడు" అంది. పది నిమిషాల్లో కూర్చున్నచోటే నిద్రపోయింది. ఆవిడ తొమ్మిదింటికి పడుకునే మనిషి. ఆవిడకి బొమ్మ కావలసింది పొద్దున్న పదినించి సాయంత్రం అయిదు వరకు, మేమంతా ఎవరి పనుల మీద వాళ్లం ఉన్నప్పుడు.

టీవీయే కొన్నాం. నలభైమూడు అంగుళాలు, మా వారు అన్న ముప్పైవేలలోనే. మా అబ్బాయి వచ్చే ఏడు తన బోనస్‌తో ప్రొజెక్టరు కొని డాబామీద పెట్టుకుంటానన్నాడు. పెట్టుకోమనండి, వేసవి రాత్రుళ్లకి చాపలు నేను పరుస్తాను. కొత్త టీవీ గోడకి బిగించి కుర్రాళ్లు వెళ్లిపోయాక, అమ్మ కుర్చీ ముందుకు జరిపించుకుని, దాన్ని ఆ చివరనించి ఈ చివరకి తేరిపార చూసింది.

"అంతా బాగానే ఉంది గానీ అల్లుడుగారూ, దీనికి తలుపులు పెట్టడం మర్చిపోయారేం?" అంది.