చివరి రెండు అక్షరాలు

ఒక అక్షరానికి బదులు మరొక అక్షరాన్ని ఉంచి వాక్యాన్ని మరుగుపరచడం, ఆ మరుగును వేరొకరు తొలగించడం మన దేశంలో ప్రాచీనమైన విద్య. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. కామసూత్రాల వ్యాఖ్యాత యశోధరుడు ఇందులో కౌటిలీయం, మూలదేవీయం అనే పద్ధతులను వివరించాడు. నేడు ఈ విద్య కంప్యూటర్ తెరపై వినోదంగా నిలిచింది. పక్కన గడియారం నడుస్తుండగా పరిష్కర్త ఒక చిన్న పదాన్ని ఊహిస్తాడు. ఊహ సరైనదైతే ఆ అక్షరాలు వాక్యమంతటా వాటంతటవే పరచుకుంటాయి. నిమిషాలలో చిక్కు విడిపోతుంది. ఈ ఆనందాన్నే 1837లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ అనుభవించాడు. ఆయన ముందున్నది మాత్రం వినోదం కాదు, ఒక సామ్రాజ్యపు మరుగుపడిన వాణి.

నిజానికి ఆ వాణిని ఎవరూ దాచలేదు. ప్రజలకు చదివి వినిపించమని అధికారులకు ఆజ్ఞాపించి మరీ చెక్కించిన శాసనాలవి. కాలమే వాటిని గూఢలిపిగా మార్చింది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ టోప్రా, మీరట్‌ల నుండి రెండు స్తంభాలను ఢిల్లీకి తరలించినప్పటికే వాటిపై రాతను చదవగలవారు లేరు.

ప్రిన్సెప్ వృత్తిరీత్యా టంకశాల ఉద్యోగి. లోహంలో బంగారమెంత, వెండి ఎంత అని తూచి నిగ్గుతేల్చడం ఆయన పని. ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శిగా ప్రాచీన లిపుల జోలికి వచ్చినప్పుడు కూడా ఆ అలవాటు ఆయనను వదలలేదు. 1834లో అలహాబాదు స్తంభంపై అక్షరాలను విడదీసి, ఒక్కొక్క హల్లుకు ఏయే గుర్తులు చేరుతున్నాయో పట్టికలు వేశాడు. దేవనాగరిలో వలెనే ఇక్కడా హల్లులపై అచ్చుల గుర్తులు నిలుస్తున్నాయని వాటివల్ల తేలింది. అయినా ఒక్క వాక్యమూ పలకలేదు. తరువాత 1836లో లాసెన్ అగాథోక్లిస్ నాణెంపై గ్రీకు అక్షరాల ఆధారంగా రాజు పేరును బ్రాహ్మీలో చదివాడు. చిక్కుముడికి ఒక కొస దొరికింది.

అంతలో కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ పంపిన సాంచీ శాసనాల ప్రతులు వచ్చాయి. అవి స్తూపం చుట్టూ ఉన్న రాళ్లపై చెక్కిన చిన్న చిన్న వాక్యాలు; పెద్ద శాసనం ఒక్కటీ కాదు. వాటిని ముద్రణకు వరుసగా అమర్చుతుండగా ప్రిన్సెప్ దృష్టి ఒక విషయంపై నిలిచింది. దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి. ఒకే ముగింపు ఇన్ని చోట్ల ఎందుకుంటుంది? ఆలయాలలో భక్తులు తామిచ్చిన వస్తువులపై పేర్లు చెక్కించే ఆచారం ఆయనకు తెలుసు. ఆ రెంటిలో మొదటి అక్షరంపై 'ఆ' గుర్తు, చివరి అక్షరం పక్కన అనుస్వారం. ఆ పదం 'దానం'. దానికి ముందు తరచుగా వచ్చే అక్షరం 'స' — ఫలానావారి యొక్క అని చెప్పే షష్ఠీ విభక్తి. అంతకాలం అందకుండా తిరిగిన ద, న అక్షరాలు ఒక్కసారిగా చేతికి చిక్కాయి. ఆ భాష సంస్కృతం కాదు, ప్రాకృతమని స్పష్టమైంది. కొద్ది వారాలలోనే ఢిల్లీ స్తంభం మాట్లాడసాగింది.

రాజాజ్ఞలకు లొంగని లిపి అజ్ఞాత దాతల పేర్ల వల్ల లొంగింది. ఈ కృషిలో పాలుపంచుకున్న పండితుడు కమలాకాంత విద్యాలంకారుని పేరు మన పాఠ్యగ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది. అది విచారించదగిన విషయం.

ఆటలో అక్షరాలు కుదరగానే పని పూర్తవుతుంది. ప్రిన్సెప్‌కు ఆ సౌలభ్యం లేదు. శాసనాలలోని 'దేవానంపియ పియదసి' ఎవరు? సింహళ రాజు దేవానంపియ తిస్సుడని ఆయన తొందరపడ్డాడు. అదే ఏడాది సింహళంలో ఉన్న జార్జ్ టర్నర్ దీపవంశం ఆధారంగా పియదసి మౌర్య అశోకుడని చూపాడు. ప్రిన్సెప్ తన అభిప్రాయాన్ని సవరించుకున్నాడు. మరుసటి ఏడాది గిర్నార్, ధౌలి శాసనాలను చదివి, వాటిలో గ్రీకు రాజుల పేర్లను గుర్తించాడు. అదే 1838లో అనారోగ్యంతో భారతదేశాన్ని విడిచి, 1840లో 40 ఏళ్ల వయసులో లండన్‌లో మరణించాడు.

ఆయన ఇచ్చిన తాళంచెవి అన్ని తాళాలకూ సరిపోలేదు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో వెలికితీసిన ధాతుకరండాలపై కొన్ని అక్షరాలు వేరు రూపంలో ఉన్నాయి. 'మ' తలక్రిందులుగా ఉంది. మామూలు బ్రాహ్మీలో 'ఆ'కారానికి వాడే గీత ఇక్కడ 'అ'కారాన్ని తెలుపుతుంది. దీర్ఘానికి వేరే గుర్తు ఉంది. బ్యూలర్ ఆ తేడాలను ఓపికగా నిర్ణయించి చదివాడు.

టర్నర్ నిర్ణయం అప్పటికీ గ్రంథాధారమే. ఆ రాజు శాసనాలలో అశోకుడనే పేరు కనిపించలేదు. 1915లో, నాటి హైదరాబాదు సంస్థానంలోనూ నేటి కర్ణాటకలోని రాయచూరు జిల్లాలోనూ ఉన్న మస్కిలో ఒక శిలాశాసనం బయటపడింది. 'దేవానంపియ' అన్న బిరుదు పక్కనే 'అసోక' అని అందులో చెక్కి ఉంది. 'దానం' అనే పదం తెలిసిన నాటికి, ఈ పేరు కంటబడిన నాటికి మధ్య 78 సంవత్సరాలు గడిచాయి.