కొలువు దొరికినా ఇల్లు దొరకని చోట

ఉద్యోగం ఇచ్చి ఇల్లు ఇవ్వకపోతే ఆ ఉద్యోగం నిలవదు. 1917లో బరోడాలో బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు ఎదురైన అనుభవం ఇదే. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చిన ఆయన, తన చదువుకు సాయం చేసిన బరోడా సంస్థానంలో పనిచేయడానికి వెళ్లారు. కొలువు సిద్ధంగా ఉంది, తలదాచుకునే చోటు మాత్రం లేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. ఊళ్లో ఉన్న ఇద్దరు స్నేహితులు, ఒక హిందువు, ఒక క్రైస్తవుడు, ఆశ్రయం ఇవ్వలేకపోయారు. బాబాసాహెబ్ బొంబాయి రైలెక్కారు. కులం చూసి ఇల్లు నిరాకరించడం తప్పని చెప్పే చట్టం ఆనాడు ఆయన చేతిలో లేదు.

అలాంటి చట్టం ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే ఆయన చదువుకున్న న్యూయార్క్ రాష్ట్రానికే వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఆయుధ కర్మాగారాలు కార్మికుల కోసం వెతుకుతూనే నల్లజాతివారిని గేటు దగ్గరే ఆపేసేవి. 1941లో రైల్వే పోర్టర్ల సంఘం నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌కు కవాతు చేస్తామని ప్రకటించాడు. కవాతు జరగకముందే, జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్షణ పరిశ్రమల్లో వర్ణవివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 1945లో న్యూయార్క్ రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. ప్రైవేటు యజమానులకు కూడా వర్తించేలా, జాతి, మతం, రంగు, పుట్టిన దేశం ఆధారంగా ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని చట్టం చేసింది. అంతటితో ఆగకుండా దాని అమలుకు ఒక కమిషన్‌ను పెట్టింది. బాధితుడు ఫిర్యాదు చేస్తే కమిషన్ విచారిస్తుంది, యజమానితో మాట్లాడి సరిదిద్దే ప్రయత్నం చేస్తుంది, వినకపోతే ఉత్తర్వు ఇస్తుంది. బాధితుడు ఒంటరిగా కోర్టు మెట్లెక్కే పని తగ్గింది.

ఇంటి విషయంలో పోరాటం ఇంకా కష్టమైంది. కాలిఫోర్నియా 1959లో ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. 1963లో బర్క్‌లీకి చెందిన నల్లజాతి శాసనసభ్యుడు, వృత్తిరీత్యా ఫార్మసిస్టు అయిన బైరన్ రమ్‌ఫోర్డ్ పేరుతో గృహ చట్టం వచ్చింది. ఇళ్ల యజమానులు, స్థిరాస్తి వ్యాపారులు ఊరుకోలేదు. తన ఇల్లు ఎవరికివ్వాలో యజమాని ఇష్టం అంటూ, ఆ మాటను రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చాలని 1964లో ప్రజల ముందు ఓటుకు పెట్టారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది దానికే ఓటు వేశారు. 1966లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 1967లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపుగా ఆ తీర్పును నిలబెట్టింది. మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి దేశమంతటికీ గృహ చట్టం వచ్చింది. మెజారిటీ ఓటు అన్నివేళలా న్యాయం వైపు ఉండదు. బాబాసాహెబ్ రాజ్యాంగ రక్షణల కోసం పట్టుబట్టింది అందుకే.

ఇప్పుడు అదే కాలిఫోర్నియాలో, అదే అమెరికాలో మనవాళ్లు వేల సంఖ్యలో ఉద్యోగాలు చేస్తున్నారు. కులం కూడా సూట్‌కేసులో వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం తన వివక్ష వ్యతిరేక చట్టంలో కులం అన్న మాటను చేర్చింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియాలో ఆయిషా వహాబ్ ప్రవేశపెట్టిన బిల్లు ఉభయ సభలూ దాటింది. అయితే ఇప్పటికే ఉన్న చట్టాలు చాలునంటూ గవర్నర్ ఆ అక్టోబర్‌లో దాన్ని తిప్పి పంపారు. పేరు పెట్టి చెప్పని రోగానికి మందు ఎవరిస్తారు?

మరి మన దేశం సంగతి? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం ప్రభుత్వాన్ని కట్టడి చేసింది, దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర అడ్డు తొలగించింది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. 1947లో రాజ్యాంగ సభకు రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో బాబాసాహెబ్ సాంఘిక బహిష్కారాన్ని నేరం చేయమన్నారు. ఇల్లు అద్దెకు నిరాకరించడాన్నీ, పని ఇవ్వకపోవడాన్నీ అందులో కలిపి చెప్పారు. ఆ భావం ఇప్పుడు పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా పిలిచే 1955 చట్టం 7వ సెక్షన్‌లో కనిపిస్తుంది. కానీ అది హక్కు వాడుకున్నందుకు చేసే బహిష్కారానికి సంబంధించింది. నగరంలో తలుపు మూసే తీరు వేరు. "మీరేమిట్లు?" అని నవ్వుతూ అడుగుతారు. బౌద్ధులమంటే, "అంతకుముందు?" అంటారు. మర్నాడు ఇల్లు వేరేవాళ్లకిచ్చేశామని ఫోన్ వస్తుంది. ఆ మాట అబద్ధమని పోలీసు స్టేషన్‌లో రుజువు చేయడం ఎవరికి సాధ్యం?

2005లో అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ గృహ సహకార సంఘం తమవారికే సభ్యత్వమని పెట్టుకున్న నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. అలాంటి కమిషన్ ఇంతవరకు రాలేదు. అద్దె చట్టాలు చేసేది రాష్ట్రాలే. వాటిలో ముఖ్యంగా కనిపించేవి అద్దె ఎంత, ఖాళీ చేయించడం ఎలా అన్న సంగతులే. కులం, మతం చూసి అద్దెకు నిరాకరించరాదన్న ఒక సెక్షన్, ఫిర్యాదు తీసుకుని విచారించి పరిహారం ఇప్పించే ఒక కమిషన్, ప్రైవేటు ఉద్యోగాలకు కూడా అదే నియమం: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలను మనం అడగాల్సినవి ఇవి.

మనసు మారకుండా చట్టం ఏం చేస్తుందని కొందరు అంటారు. మనసు మార్చడానికి ధమ్మం ఉంది. అది మారేలోపు పిల్లలతో, సామానుతో రోడ్డు మీద నిలబడ్డ కుటుంబానికి ఈ రాత్రి ఇల్లు కావాలి. బాబాసాహెబ్ 1956లో ధమ్మ దీక్ష ఇచ్చారు, అంతకుముందు రాజ్యాంగమూ రాశారు. ఈ రెండింటిలో దేన్నీ ఆయన రెండోదానికి బదులుగా చూపలేదు. జై భీమ్.