జడ ఎవరిది?

పామర్రు నుంచి చల్లపల్లి మీదుగా దివిసీమకు పోయే దారిలో కూచిపూడి ఉంది, దానికి కూతవేటు దూరంలో మొవ్వ. స్త్రీ దేహానికీ మనసుకూ తెలుగువారు కళలో కట్టిన రూపాల్లో రెండు, క్షేత్రయ్య పదమూ సిద్ధేంద్ర యోగి భామాకలాపమూ, ఈ రెండు ఊళ్ల పేరుతోనే ముడిపడ్డాయి. రెండూ మగవాళ్లు రాసినవి కాబట్టి ఇద్దరు మహానుభావుల కథ చెప్పేసి ఊరుకోవడం మనకు అలవాటు. నిజానికి ఆ స్త్రీ రూపం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఊరూ కులమూ కాలమూ వేరైన మనుషులు, చాలావరకు ఒకరి మొహం ఒకరు చూడకుండానే, ఉమ్మడిగా కట్టుకొచ్చిన రూపం అది.

పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో పదాలు కట్టి తంజావూరు, మధుర, గోల్కొండ కొలువులు తిరిగాడంటారు. బందరు రేవు గోల్కొండ సుల్తానులదే కాబట్టి ఈ గడ్డకు ఆ దారి కొత్తదేమీ కాదు. ఆ పదాల్లో మాట్లాడేది ఎక్కువగా స్త్రీ: అలిగినది, ఎదురుచూసేది, విటుణ్ణి గుమ్మంలోనే నిలదీసేది. అయితే రాతలో ఉన్న పదం సగం పదమే. పల్లవి మళ్లీ మళ్లీ పాడుతుంటే ప్రతిసారీ కొత్త సంచారి పట్టి, కంటితో, చేతితో దాని అర్థం విప్పేది నర్తకి. దీన్ని పరంపర అనాలి గానీ కలిసి చేసిన పని అనడమేమిటని ఎవరైనా అడగవచ్చు. తాటాకు మీద నకలు రాసేవాడికి ఒక్క అక్షరం మార్చే హక్కు లేదు. పదం పట్టిన నర్తకికి మార్చడమే విద్య. కవి ఆమె కోసం చోటు వదిలి రాశాడు, ఆమె ఎవరో, ఏ ఊరిదో తెలియకుండానే.

కూచిపూడిలో ఆ మార్పు నేరుగా ఒంటి మీదికే వచ్చింది. ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన మగపిల్లవాడు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రుడి పేరిట చెప్పుకునే నియమం. భామ మొహం కనబడకముందే తెర మీదుగా జడ బయటికి పడుతుంది. ఆ జడే ఆమె పంతం. అంతకన్నా విచిత్రమైనది సూత్రధారి పాత్ర. భామ దగ్గర అతను మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు. ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి ఆడో మగో తేలుతుంది, అదీ ఒకే మనిషిలో. భాగవతుల రామయ్య గొల్లకలాపం మరో అడుగు వేసింది. గర్భంలో పిండం ఎలా ఏర్పడుతుందో బ్రాహ్మణుడికి గొల్లభామ పాఠం చెబుతుంది. (ఆ గొల్లభామ వేషం కట్టినవాడూ బ్రాహ్మణుడే కావడం వేరే ముచ్చట.)

ఇదంతా ఆడవాళ్ల గొంతును మగవాళ్లు ఎత్తుకుపోవడమే కదా అన్న ఆక్షేపణ బలమైనది. తంజావూరులోనే పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని తానే 'రాధికా సాంత్వనము' రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చు వేయిస్తే, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. మగకవి రాస్తే చెల్లిన శృంగారం ఆడమనిషి రాస్తే చెల్లలేదు. కృష్ణా, గోదావరి తీరాల దేవదాసీలైన కలావంతులూ కలాపాలు ఆడారు. దేవదాసీ వ్యవస్థను రద్దు చేసిన 1947 మద్రాసు చట్టంతో ఆ విద్య చెప్పుకోదగ్గ వేదికే కోల్పోయింది. ఆక్షేపణలో ఇంతవరకు నిజముంది. కానీ పంపకం అన్యాయంగా జరిగిందంటే ఆస్తి ఉమ్మడిది కాదని కాదు. ఉమ్మడిది కాబట్టే ఈనాడు వాళ్ల వాటా అడగగలుగుతున్నాం.

ఇరవయ్యో శతాబ్దంలో దూరాలు ఇంకా పెరిగాయి. కోరాడ నరసింహారావు ఇంద్రాణీ రెహమాన్‌కు కూచిపూడి నేర్పాడు, ఆమె దాన్ని విదేశీ వేదికలెక్కించింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలను సత్యభామలుగా తీర్చాడు. అదే కాలంలో వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) స్త్రీవేషానికే పేరుపడి 1970లో పద్మశ్రీ అందుకున్నాడు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసే హర్షిత కామత్ 2019 నాటి తన పుస్తకంలో ఈ స్త్రీవేషం బ్రాహ్మణ పురుషుడి పెద్దరికాన్ని నిలబెట్టిందనీ, ఆడవాళ్లు రంగం మీదికి వచ్చాక ఆ పెద్దరికమే కదిలిందనీ వాదించింది. ఊరి లెక్కలకు ఆ మాట సరిపోతుంది. నడక విషయంలో మాత్రం అది చాలదు. ఆడవాళ్లను చూసి మగవాళ్లు పట్టుకున్న వయ్యారాన్ని, ఇప్పుడు ఆడపిల్లలు మగ గురువుల పాఠంలోంచి తిరిగి తమ ఒంటికి తెచ్చుకుంటున్నారు. తెర మీదుగా ఇప్పుడు పడుతున్న జడలో ఎన్ని పాయలు ఎవరివో విడదీసి చూపడం ఆ గురువులకే సాధ్యం కాదు.