త్రాడని తెలిసినను వీడని భయము

మసకచీకటిలో త్రోవకడ్డముగా పడియున్న త్రాటిని చూచి పామని బెదరిన బాటసారి దృష్టాంతము మన వేదాంతులకు మిక్కిలి ప్రియమైనది. దీపము తెచ్చి చూపినంతనే పాము పోయి త్రాడు మిగులును. పాముతోపాటు భయమును పోవును. జ్ఞానము వలన విముక్తి కలుగునని బోధించుట కది చక్కగా నుపకరించినది. కాని లోకమున వేరొక బాటసారియు కలడు. దీపము వచ్చినది, త్రాడని తెలిసినది. అయినను వాని కాళ్లు వణకుచునే యున్నవి. బల్లిని చూచి గది విడిచి పరుగెత్తు విద్యావంతుడు, ఉఱుము వినగానే గదిమూలను చేరు గృహిణి, సూదిమందన్న మాటకే సొమ్మసిల్లు దృఢకాయుడు ఈ తెగలోనివారు. తమ భయము నిర్హేతుకమని వీరికి తెలియును, తెలిసియు విడువజాలరు. ఈ రెండవ బాటసారిని శాస్త్రజ్ఞులు అర్థము చేసికొన్న చరిత్రము సుమారు నూటయేబది సంవత్సరములది. అది ప్రతి గృహమునకును పనికివచ్చు చరిత్రము.

భయలక్షణములను మన పూర్వులు గుర్తింపకపోలేదు. భరతుడు నాట్యశాస్త్రమున భయమును భయానకరసమునకు స్థాయిభావముగా నిరూపించెను. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము మొదలగు సాత్త్వికభావములను లెక్కించెను. అమెరికాదేశపు శరీరశాస్త్రజ్ఞుడగు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి మార్పులకు లోపలి కారణమును వివరించెను. భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి అడ్రినలిన్ అను పదార్థము రక్తమున కలియును. గుండె వడిగా కొట్టుకొనును. రక్తమున చక్కెర హెచ్చును. పోరుటకో పారిపోవుటకో దేహమంతయు సన్నద్ధమగును. పులి యెదురైనప్పుడు ఈ సన్నాహము ప్రాణరక్షకము. బల్లి యెదురైనప్పుడును అదే సేన కదలి వచ్చుటయే చిక్కు.

ఇట్టి భయమును వ్యాధిగా వర్ణించినవారిలో బెర్లిను నగరపు వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ ముఖ్యుడు. విశాలమైన కూడళ్లను, జనశూన్యమైన వీథులను దాటజాలని కొందరు రోగులను గూర్చి ఆయన 1871లో ఒక వ్యాసము ప్రకటించెను. వారు మతి చెడినవారు కారు. తమ భయమునకు కారణము లేదని వారే చెప్పిరి. తోడు ఒకరున్నచో వారి బాధ తగ్గుటయు ఆయన గమనించెను. సంతస్థలమును తెలుపు గ్రీకు పదమును గ్రహించి దీనికి అగోరఫోబియా అని పేరుపెట్టెను. పేరు పెట్టుట స్వల్పవిషయము కాదు. పిరికితనమని నవ్వబడినది ఆనాటినుండి విచారింపదగిన రోగమయ్యెను.

మరుసటి సంవత్సరమే ఛార్లెస్ డార్విన్, మనుష్యులును జంతువులును భావములను వెలిపుచ్చు తీరును గూర్చిన తన గ్రంథమున, తనపై తాను చేసికొన్న పరీక్ష నొకదానిని వ్రాసెను. లండను జంతుప్రదర్శనశాలలో విషసర్పమున్న పెట్టె యెదుట దళసరి అద్దమునకు మొగమానించి, పాము కాటువేసినను వెనుకకు జంకరాదని ఆయన గట్టిగా నిశ్చయించుకొనెను. పాము అద్దముపై కొట్టినంతనే గజము రెండు గజముల దూరము వెనుకకు దుమికెను! అద్దము పగులదని ఆయనకు తెలియదా? తెలియును. అంతటి ధీమంతుని వివేకమును సంకల్పమును ఆ క్షణమున పనికిరాకపోయినవి. ధైర్యము తెచ్చుకొమ్మని పసివానిని గద్దించువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

భయము పుట్టు విధమును చూపిన పరీక్ష మిక్కిలి శోచనీయమైనది. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనువారు అమెరికాలోని బాల్టిమోరు నగరమున, ఏడాదియైన నిండని యొక శిశువునకు తెల్లని యెలుకను చూపిరి. శిశువు జంకక చేయి చాచెను. అట్లు చాచినప్పుడెల్ల వెనుకనుండి ఉక్కుకడ్డీపై సుత్తితో పెద్ద చప్పుడు చేసిరి. కొంతకాలమునకు చప్పుడు లేకున్నను ఎలుకను చూచి బిడ్డ యేడ్వసాగెను. పిమ్మట కుందేటిని, కుక్కను, బొచ్చుకోటును చూచినను కలతపడెను. ఆల్బర్టు అని వ్యవహరింపబడిన ఆ బిడ్డకు నేర్పిన భయమును మాన్పకయే ఆసుపత్రినుండి పంపివేసిరి. ఒక్క శిశువుపై చేసిన పరీక్షనుబట్టి సర్వమును నిర్ణయింపరాదని తరువాతివారు ఆక్షేపించిరి; అది దయమాలిన పనియనియు నిందించిరి. అయినను భయము నేర్వబడవచ్చునన్న మాట నిలిచెను.

నేర్చినదానిని మరపించుటెట్లు? ఈ ప్రశ్నకు మేరీ కవర్ జోన్స్ అను యువతి 1924లో సమాధానము చూపెను. కుందేటికి భయపడు బాలిక యొకతెతో వారముదినములు ప్రతిదినము కుందేళ్లను గూర్చి ఇంపుగా ముచ్చటించిరి; కుందేటిని చూపగానే భయము ఎప్పటివలెనే యుండెను. ఎగతాళి చేయుటవలనను ప్రయోజనము కానరాలేదు. మూడేండ్లైన నిండని పీటరు అను బాలునికి కుందేలన్న, తెల్లని యెలుకయన్న, దూదియన్నను బెదరు. జంకులేని పిల్లలతో కలిసి యాడించగా వాడు కొంత తేరుకొనెను. అంతలో జ్వరపడి కోలుకొన్న వానిని పెద్ద కుక్క యొకటి బెదరింపగా పాత భయము మరల తలయెత్తెను. అప్పుడు జోన్సు వానికి ప్రియమైన ఆహారము పెట్టుచు, తినుటకు భంగము కలుగనంత దూరమున పంజరములోని కుందేటిని ఉంచి, దినదినము కొంచెము దగ్గరకు తెప్పించెను. కడకు కుందేలు తన వ్రేళ్లను కొఱుకుచున్నను పీటరు బెదరలేదు. తొందరపడినచో ఆహారముపైననే భయము పుట్టవచ్చునని ఆమె హెచ్చరించెను. ఓర్పే ఈ చికిత్సకు ప్రాణము.

ఈ మార్గమును దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వెలువరించిన గ్రంథమున పెద్దల చికిత్సకు అనుకూలముగా విస్తరించెను. రోగిచేత భయస్థానములను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా వ్రాయించి, దేహమును సడలించుట నేర్పి, ఒక్కొక్క మెట్టును భావింపజేయుట ఆయన పద్ధతి. నేటి వైద్యులు సాధ్యమైనచోట్ల భయస్థానమునే క్రమముగా ఎదుర్కొనజేయుదురు. తప్పించుకొని తిరుగుట తాత్కాలికముగా హాయినిచ్చును గాని, ఆ హాయియే భయమునకు ఎరువగును. తీరిన భయము పీటరునకువలె ఎప్పుడైన మరల రావచ్చును. వచ్చినచో మెట్లు మరల ఎక్కవలసినదే.

భయమెల్ల దెబ్బ తిన్నందువలననే కలుగదు. 1980 దశకమున సూసన్ మినేకా మొదలగువారు, ప్రయోగశాలలో పెరిగి పామునకు బెదరని కోతులకు, అడవిలో పెరిగిన కోతులు పామును చూచి బెదరుట చూపిరి. చూచిన కొలది సమయములోనే అవియు బెదరసాగినవి. జంకని కోతులను ముందుగా చూచినవానికి మాత్రము ఆ భయము అంత సులభముగా అంటలేదు. తల్లి కెవ్వున అరచినప్పుడు బిడ్డ బల్లిని కాదు, తల్లి మొగమును చూచును.

ఇక మన యిండ్ల సంగతి. అన్నము తినకున్న బూచివాడు వచ్చుననియు, ఏడ్చినచో పోలీసువానికి పట్టియిత్తుమనియు, అల్లరిచేసినచో డాక్టరు సూది పొడుచుననియు బెదరించుట ముద్దుగానే సాగుచుండును. ఇది సుత్తి లేకుండ ఉక్కుకడ్డీని మ్రోగించుటయే. పదియేండ్ల పిమ్మట ఆ బిడ్డయే చీకటిగదిలోనికి పోనన్నచో, జ్వరమునకు సూదిమందు వలదన్నచో, పిరికివాడని నవ్వుదుము. చీకటికి జంకు బాలుని గదిలోనికి త్రోసి తలుపు వేయుట చికిత్స కాదు. జీవితాంతము వాని ప్రక్క దీపము ఆర్పకుండుటయు కాదు. ఈ రాత్రి దీపము గుమ్మముకడ నుండనిండు. నాలుగు రాత్రులు గడచిన పిమ్మట నడవలో నుండనిండు. తల్లి మాట మాత్రము వానికి వినబడుచుండనిండు. చదువునకు, ఉద్యోగమునకు, నిద్రకు భంగము కలిగించునంత భయమైనచో సిగ్గుపడక వైద్యుని చూడవలెను.

త్రాడని చెప్పుట మొదటి బాటసారికి చాలును. రెండవవానికి చేయూతయు కావలెను. ఒక్కొక్క అడుగు వానితో కలిసి నడచునంత తీరికయు మనకు కావలెను.