రేగడినేలలో పిల్లిపీచర

వానకై మొగము వాచియుండు పత్తికొండ సీమలో తేమ యెక్కువై చెడిపోవు మొక్కను గూర్చి వ్రాయబూనుట వినువారికి వింతగా తోచవచ్చును. పత్తికొండ, ఆదవోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో సాలుకు పడు వాన 600 మిల్లీమీటర్లకు ఇటునటుగా నుండును. అందును పెద్దభాగము సెప్టెంబరు మాసమునకు ముందువెనుకలుగా కొలది దినములలోనే కుండపోతగా కురిసిపోవును. వేసవిలో చేయి దూరునంత బీటలు వారిన నల్లరేగడి, ఆ వానలకు నాని ఉబ్బి, బీటలు మూసికొని, ఆ పిమ్మట పడిన నీటిని లోనికి పోనీయక పైననే నిలుపుచు, వేళ్ల చుట్టును గాలి చొరరాని బురదయై కూర్చుండును. ఈ సీమలో శతావరిని చంపునది అనావృష్టి కాదు, ఆ నాలుగు వానలే.

జనులు పిల్లిపీచర యనియు, పిల్లితేగ యనియు పిలుచు ఈ ముండ్లతీగ దక్కను ఎండుటడవులలో తనంత మొలచునది. దాని సూదులవంటి పచ్చని రేకులు నిజమునకు ఆకులు కావు, కొమ్మలే. ఎండకు తేమ పోగొట్టుకొనకుండుటకై ఆకుల పనిని కొమ్మలు చేపట్టినవి. నేల క్రింద గుత్తులు గుత్తులుగా దిగిన దుంపవేళ్లలో అది వేసవికి వలయు నీటిని ముందుగనే దాచుకొనును. తన నీటిని తానే కూడబెట్టుకొన్న వేరునకు వెలుపలి నీరు నిలిచినచో ఊపిరి యాడదు, కుళ్లు పట్టును. ఐరోపావారు లేతమొలకలను కూరగా వండుకొను ఆస్పరాగసు దీనికి దాయాది. వారు మొలకకై పెంచిరి, మనవారు వేరుకై పెంచిరి; బాలింతలకు పాలు పడుటకు ఆయుర్వేదము చెప్పిన ఓషధులలో ఇది యొకటి, పాడిపశువులకును ఈ దుంపలు పెట్టు వాడుక కలదు.

ఈ ప్రాంతమున ఓషధులను నాటు సంగతి యెంత పాతదో తెలిసికొనుటకు తాళపత్రములు వెదుకనక్కరలేదు, శిలయే యున్నది. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో ఎఱ్ఱగుడి కడ గుట్టబండలపై అశోకుని పదునాలుగు ధర్మశాసనములును, వానితోపాటు లఘుశాసనమును బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునకు చెందిన ఈ వ్రాతలు 1920ల చివర ఒక భూగర్భశాస్త్రజ్ఞుని కంట బడుట వలన లోకమునకు తెలియవచ్చినవి. వానిలో రెండవ శాసనము మనకు ముఖ్యము. తన రాజ్యమునందును, చోళ పాండ్యాది పొరుగురాజ్యములందును మనుష్యులకు, పశువులకు వేర్వేరుగా చికిత్స ఏర్పరచితిననియు, మందుమొక్కలు లేనిచోటికి వానిని తెప్పించి నాటించితిననియు, వేళ్లును ఫలములును లేనిచోట వానిని సయితము అట్లే నాటించితిననియు, బాటల ప్రక్క బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు ఆ ప్రభువు చెప్పుకొన్నాడు. ఆ వేళ్లలో శతావరి యుండెనా యని కుతూహలపడువారు కలరు. శాసనము ఏ మొక్కను పేరుపెట్టి చెప్పలేదు. కొండవాలున తానుగా మొలచుదానిని ఎక్కడినుండియో తెప్పింపవలసిన పని రాజునకు లేదని నా తలంపు. గమనింపదగినది వేఱొకటి: వేరును బావిని ఒక్క ఊపిరిలో చెప్పిన శాసనము, పోసిన నీరు మరల ఎటు పోవలెనో చెప్పలేదు. ఆ విద్య రాజులది కాదు, పెరటివారిది.

బావియు చెట్టును పత్తికొండ చరిత్రలో మరియొకమారు జంటగా కనబడును. నిజాము 1800లో దత్తమండలములను కుంఫిణీవారికి ఒప్పగించిన పిమ్మట వానికి ప్రధాన కలెక్టరుగా నుండి, ఉత్తరోత్తర మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, పర్యటనలో నుండగా 1827 జులై 6వ తేదీన పత్తికొండలోనే వాంతిభేది సోకి చనిపోయెను. అతని జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు అచ్చట రాతిబావి కట్టించి, తోపు వేయించిరి. పొలము పొలమును కొలిపించి మెట్ట, మాగాణి, తోట యని విడదీయించిన దొర అతడే. పెరటిదడిపై ప్రాకెడు పిల్లిపీచర మాత్రము ఈ మూడింటిలో దేనికిని చెందదు.

ఆ పెరడు ఎట్టిదో చూడవలెను. ఈ సీమయిండ్లు పూర్వము మట్టిమిద్దెలు. పైకప్పుపై చౌడుమన్ను పఱచి, వాననీరు జారుటకు దోనెలు పెట్టెడివారు. దోనె క్రింద పడు నీటికి మడుగు కట్టు మూల అరటికి తగును, శతావరికి తగదు. దానికి తగిన తావు దోనెకు దూరముగా, వాలున నున్న దడిమొదలు. అచ్చట పాటిమన్నును, ఎఱ్ఱచెక్క గరుసును, చివికిన దిబ్బయెరువును కలిపి మూరెడెత్తు గట్టుగా పోసి, గట్టునకు ఇరువైపుల నీరు జారు బోదెలు తీసి, ఆ గట్టునెత్తిన మొక్కను పెట్టవలెను. తీగ దడిని పట్టుకొని తానే ప్రాకును. కొక్కెములవంటి దాని ముండ్లు మేకలను దరిజేరనీయవు. మంచి చేయబోయి చెడగొట్టువారు చేయు పని యొకటి కలదు: రేగడిలో లోతుగా గుంట త్రవ్వి, అందు ఇసుకయు ఎరువును నింపి నాటుదురు. గుంటలోని మన్ను గుల్లయై, చుట్టునున్న రేగడి బిగిసియుండుటచే, ఇరుగుపొరుగు నీరంతయు ఆ గుంటలోనికే దిగి తొట్టిలో వలె నిలుచును. ఎరువు వేయనివాని తీగ బ్రతుకగా వేసినవానిది కుళ్లుట ఇందువలననే.

1876లో మొదలైన ధాత కరువు ఈ జిల్లాలను ఊడ్చివేసినది. ఆనాటినుండి ఇచ్చటి ప్రజల ఆలోచన యంతయు నీటిని తెచ్చుటపైననే నిలిచినదన్నను తప్పుకాదు. అది సహజమే. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలిచిన పిమ్మట దిగువకాలువ ఆదవోని, ఎమ్మిగనూరు పొలములకు నీరిచ్చినది. 2012 నుండి హంద్రీనీవా కాలువ పత్తికొండ దిక్కునకు కృష్ణనీటిని ఎత్తి తెచ్చుచున్నది. కాలువ వచ్చినచోట రేగడికి ఆరుటకు వ్యవధి తగ్గును, ఊటనీరు పెరుగును, చౌడు పైకి తేలును. అతివృష్టియు ఈ సీమకు క్రొత్త కాదు. 2009 అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలును ముంచినప్పుడు మెట్టప్రాంతపు పెరళ్లు సయితము నీటిలో నిలువగలవని అందఱును చూచిరి.

చౌడును గూర్చి ఒకమాట. సీమ ఆస్పరాగసు ఐరోపా సముద్రతీరపు ఇసుకలలో పుట్టినది గనుక ఉప్పును ఓర్చుకొనును, ఓర్చుకొననిది నిలువనీటినే. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున రోమకుడైన కేటో తన వ్యవసాయగ్రంథమున దానికి తేమగల నేలనో, బలమైన నేలనో ఎంచుకొని బాగుగా త్రవ్వి మడులు కట్టుమని చెప్పెను. ఆ మాట ఇటలీనేలకు చెల్లును గాని రేగడికి చెల్లదు. 1861 నుండి ఆ పంటకు పేరొందిన జర్మనీలోని బేలిట్సు రైతులు ఇసుకనేలపై ఎత్తైన కట్టలు పోసి, ఆ కట్టలలోనే తెల్లమొలకలను పెంచుదురు. మొలకను వెలుగు సోకకుండ కప్పుటయే వారి ఉద్దేశము. అయినను కట్ట వలన నీరు జారిపోవుట వారికి అయాచితముగా దొరకిన లాభము. పత్తికొండలో సీమమొక్కను పెట్టగోరువారు అనుసరింపవలసినది కేటోను కాదు, ఈ కట్టలను.

మన శతావరికి తొందరపాటు పనికిరాదు. నాటిన రెండేండ్లకు గాని దుంప లావెక్కదు. త్రవ్వుట వానలు వెనుకబడి గట్టు ఆరిన పిమ్మటనే చేయవలెను. తడిలో త్రవ్విన గాయము కుళ్లునకు ద్వారము. మొగ్గలున్న తలకట్టును కొన్ని వేళ్లతో తిరిగి అదే గట్టున నాటి, మిగిలిన దుంపలను ఉడికించి, తొక్క ఒలిచి, నడుమనున్న నారను లాగివైచి, ఎండబెట్టి దాచుకొందురు.